మేడ తలుపు తాళం చెవి ఎవరి దగ్గరుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్ని. ఇరవై రెండేళ్ల సర్వీసులో వరదల పాఠం తక్కువలో తక్కువ ఇరవైసార్లు చెప్పి ఉంటాను. నిర్వచనం, కారణాలు, నష్టాలు, నివారణ చర్యలు. నేను బోర్డు మీద రాసేదాన్ని, పిల్లలు నోట్సులోకి ఎక్కించుకునేవాళ్లు, పరీక్షలో దించేవాళ్లు. ఆ పాఠం బాగానే చెబుతున్నానని కిందటేడు వానాకాలం దాకా నమ్మాను.

ఆ రోజు పొద్దుట్నుంచీ ఒకటే వాన. మధ్యాహ్నానికి బడి ముందు రోడ్డు మీద నీళ్లు పారడం మొదలైంది. ఇంకా ఎక్కువవుతాయేమోనన్న భయంతో బడి తొందరగా విడిచిపెట్టేశాం. మంచి పనే చేస్తున్నామనుకున్నాం. నేను గేటు దగ్గర నిలబడి "జాగ్రత్తగా వెళ్లండి, నీళ్లలో ఆడకండి" అని చెబుతూనే ఉన్నాను. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు రోడ్డు దాటుతుంటే ఒక చెప్పు ఊడి కొట్టుకుపోయింది. వాడు దాని వెంట పడ్డాడు. నాలుగడుగులు వేశాడో లేదో కాలు పట్టు తప్పి కూలబడ్డాడు. లేవబోయి మళ్లీ పడ్డాడు. నీళ్లు వాడి మోకాలి కిందికే ఉన్నాయి. వీపున ఉన్న పుస్తకాల సంచీ తడిసి బరువెక్కి వాణ్ని వెనక్కి లాగేస్తోంది. కల్వర్టు పిట్టగోడ దగ్గర నిలబడ్డ ఒకాయన వంగి ఆ సంచీ పట్టీ అందుకుని గట్టిగా లాగాడు. ఆయన చేతికి ఆ పట్టీ అందకపోయి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ కొన్ని రాత్రులు నాకు నిద్ర పట్టదు.

మర్నాడు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు దిగావు నాన్నా అని అడిగాను. "మోకాలి దాకా కూడా లేవు కదా టీచర్" అన్నాడు. వాడి క్వార్టర్లీ పేపరు నా బీరువాలోనే ఉంది, తీసి చూశాను. వరదల ప్రశ్నకు ఐదుకు ఐదు వేసింది నేనే. అడవుల నరికివేత, చెరువుల్లో పూడిక, నీటి దారుల్లో కట్టడాలు, ఒక్కటీ వదలకుండా రాశాడు. పారే నీళ్లు మనిషినెలా పడగొడతాయో మాత్రం అందులో లేదు. వాడి తప్పేం లేదు. వాడికి అది నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ వారమే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తెల్లకాగితాలిచ్చి, దీనికి మార్కులుండవు, తోచింది రాయండి అన్నాను. మీకూ ఇంటికీ మధ్య రోడ్డు మీద చీలమండ లోతు నీళ్లు వేగంగా పారుతున్నాయి, ఏం చేస్తారు? చేతిలో ఫోన్ లేదు, అమ్మ నంబరు, నాన్న నంబరు గుర్తున్నది గుర్తున్నట్టు రాయండి. రెడ్ అలర్ట్ అంటే ఏమిటి? ఇప్పుడు, ఈ మూడో పీరియడ్లో, ఈ గదిలోకి నీళ్లొస్తే ఎక్కడికి వెళ్తారు?

కాగితాలు ఇంటికి తీసుకెళ్లి రెండుసార్లు చదివాను. చీలమండ లోతు నీళ్లయితే దాటేస్తామని దాదాపు అందరూ రాశారు. ఈత వచ్చు కాబట్టి భయం లేదని కొందరు మగపిల్లలు రాశారు. బైకు మీదైతే ఫరవాలేదని ఒకడు. వరదల మీద పేజీన్నర రాయగలిగిన పిల్లల్లో చాలామంది అమ్మ నంబరు రాయలేకపోయారు. నంబరు ఫోన్లో ఉంటుంది, బుర్రలో ఉండాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. రెడ్ అలర్ట్ అంటే "చాలా పెద్ద వాన" అని రాశారు. ఎల్లో అంటే గమనిస్తూ ఉండాలని, ఆరెంజ్ అంటే సిద్ధం కావాలని, రెడ్ అంటే ఇక కదలాల్సిందేనని, అంటే ఆ రంగులు మనం చేయాల్సిన పని గురించి చెబుతాయని ఎవరూ రాయలేదు. నిజం చెప్పాలంటే మా స్టాఫ్ రూములో అడిగితే మాలోనూ సగం మందిమి తడబడ్డాం.

ఆఖరి ప్రశ్నకు ఎక్కువమంది "మేడ మీదికి" అని రాశారు. సరైన జవాబే. ఒక అమ్మాయి మాత్రం ఇలా రాసింది: "మేడ మీదికి వెళ్లాలి. కానీ ఆ తలుపుకు ఎప్పుడూ తాళం ఉంటుంది. చెవి ఎవరి దగ్గర ఉంటుందో మాకు తెలియదు."

నాకూ తెలియదు. మధ్యాహ్నం ఇంటర్వెల్లో వెళ్లి అడిగాను. అటెండర్ దగ్గరుంటుందన్నారు. ఆయన బ్యాంకు పని మీద బయటికెళ్లాడు. ఆఫీసు గదిలో ఒక తాళాల గుత్తి దొరికింది. ముప్పైకి పైగా చెవులు, దేని మీదా చీటీ లేదు. ఒక్కొక్కటీ పెట్టి చూస్తూ మెట్ల మీద నిలబడ్డాను. మొత్తం కలిపి ఇరవై ఐదు నిమిషాలు. తీరా తాళం వచ్చాక తలుపు రాలేదు. గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది, రాయి తెచ్చి కొట్టాల్సి వచ్చింది.

ఈ ఉత్తరం రాయడానికి ఆ ఇరవై ఐదు నిమిషాలే కారణం. వరద గురించి మన పిల్లలకు ఏమీ తెలియదని నేననడం లేదు. వరద ఎందుకొస్తుందో వాళ్లకు తెలుసు. వచ్చినప్పుడు తమ కాళ్లతో ఎటు నడవాలో, ఎక్కడ ఆగిపోవాలో తెలియదు. అది పుస్తకం చదివితే వచ్చేది కాదు. లెక్క చేసి చూపించాలి, చేయించి చూపించాలి, అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయించాలి.

లెక్క అంటే నిజంగానే లెక్క. మా ఫిజిక్స్ మాస్టారు ఆ పిల్లలకు ఒక పీరియడ్ తీసుకున్నారు. సుద్దముక్కతో ఒక పిల్లాడి కాలి మీద ఆరంగుళాల దగ్గర గీత గీశారు. ఇంత లోతు నీళ్లు వేగంగా పారుతుంటే చాలు, పెద్దవాళ్లు కూడా నిలదొక్కుకోలేకపోవచ్చు. ఒక అడుగు లోతుంటే చిన్న కారు తేలిపోగలదు. రెండడుగుల ప్రవాహం చాలా వాహనాలను లాక్కుపోగలదు. నీటి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. కాబట్టి "నిన్న ఇంతే నీళ్లలో దాటాను" అన్న ధైర్యం ఇవాళ పనికిరాదు. లోతు అంతే ఉన్నా వేగం మారి ఉండొచ్చు. పైగా ఆ నీళ్లు బురద రంగులో ఉంటాయి. కింద రోడ్డు ఉందో, కోతకు గురై గొయ్యి పడిందో, మ్యాన్‌హోల్ మూత లేచిపోయిందో పైకి కనబడదు.

తర్వాత ఆయన క్లాసు రూము తలుపు చూపించి ఇంకో లెక్క చేయించారు. మీటరు వెడల్పున్న తలుపుకు అవతల అరమీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే, ఆ తలుపు మీద పడే బలం దాదాపు 125 కిలోల బరువుతో సమానం. అదే నీళ్లు మీటరు ఎత్తుకు చేరితే 500 కిలోలు. పిల్లలు నోట్సులో గుణించి, నమ్మకం కుదరక మళ్లీ గుణించారు. ఒకడు లేచి, "అయితే ఎంతమందిమి తోసినా తలుపు రాదా సార్" అన్నాడు.

అప్పుడు వాళ్లకు ఢిల్లీ సంగతి చెప్పాను. 2024 జులై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్లో నడిచే లైబ్రరీలోకి వాన నీళ్లు దూసుకొచ్చి సివిల్ సర్వీసుల పరీక్షలకు చదువుకుంటున్న ముగ్గురు చనిపోయారు. వాళ్లు రాయబోయే పరీక్ష సిలబస్‌లో విపత్తు నిర్వహణ కూడా ఉంటుంది. నేల కింద గదిలో లైబ్రరీ పెట్టిన తప్పు పెద్దవాళ్లది, ఆ పిల్లలది ఏమాత్రం కాదు. కానీ రేపు మా పిల్లలు కూడా పెద్ద ఊళ్లకు చదువుకు వెళ్తారు, సెల్లార్లో ఉన్న రీడింగ్ రూముల్లో కూర్చుంటారు. మెట్ల మీద నుంచి మొదటి నీళ్లు దిగుతున్నప్పుడే, పుస్తకాలు సర్దుకోవాలని చూడకుండా పైకి వచ్చేయాలన్న ఒక్క సంగతి వాళ్ల ఒంట్లోకి ఇంకిపోవాలి. ఆ కాసేపు గడిస్తే తలుపు ఎవరి మాటా వినదు.

వరద అంటే వానతోనే వస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో హైదరాబాద్‌కు చెందిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. టూర్‌కు వెళ్లిన పిల్లలు. ఫొటోల కోసం నదిలో రాళ్ల మీదికి దిగారు. పైనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు వాళ్లను చుట్టుముట్టాయి. ఆ వీడియో అప్పట్లో మనమంతా టీవీల్లో చూశాం, ఏడ్చాం. ఆ తర్వాత ఎన్ని బడులు, ఎన్ని కాలేజీలు టూర్‌కు బయల్దేరే ముందు పిల్లల్ని కూర్చోబెట్టి నది గురించి పది నిమిషాలు మాట్లాడి ఉంటాయి? తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, ఇందాక పొడిగా ఉన్న రాయి తడిసినా పరుగున గట్టెక్కాలని వాళ్లకు ఎవరు చెప్పారు? పైన డ్యాం ఉన్న నదిలోకి అసలు దిగకూడదని ఎవరు చెప్పారు?

చెప్పడంతో పాటు చేయించిన చోట ఏం జరిగిందో చూడటానికి జపాన్ వైపు చూడాలి. అక్కడ వచ్చింది సునామీ, వాన వరద కాదు. అయినా నీళ్లు ముంచుకొస్తున్నప్పుడు బడి ఏం చేసిందన్నది అక్కడా ప్రశ్నే. 2011 మార్చి 11న కమైషి పట్టణంలో ఒక జూనియర్ హైస్కూల్ పిల్లలు భూకంపం ఆగీ ఆగగానే కొండ వైపు పరుగు తీశారు. వాళ్లను చూసి పక్కనున్న ప్రాథమిక పాఠశాల పిల్లలూ కదిలారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ల చేతులు పట్టుకున్నారు. ముందుగా అనుకున్న చోటికి చేరాక కూడా, పక్కన కొండచరియ విరిగిపడుతుండటం గమనించి, ఇది చాలదని ఇంకా పైకి వెళ్లారు. ఆ పట్టణంలో బడి పిల్లలు దాదాపు మూడు వేల మంది బతికి బయటపడ్డారు. అంతకు ముందు కొన్నేళ్లుగా తోషితాకా కతాదా అనే ప్రొఫెసర్ వాళ్లకు మూడు మాటలు నేర్పుతూ వచ్చారు: మ్యాపులో గీసిన గీత దగ్గరే నీళ్లు ఆగుతాయని నమ్మొద్దు, ఆ క్షణంలో చేయగలిగిందంతా చెయ్యి, అందరికంటే ముందు నువ్వు కదులు.

అదే రోజు ఇషినోమాకిలోని ఒకావా ప్రాథమిక పాఠశాలలో పిల్లల్ని గ్రౌండులో నిలబెట్టి ఎటు వెళ్లాలా అని పెద్దవాళ్లు ఆలోచిస్తుండగా దాదాపు యాభై నిమిషాలు గడిచిపోయాయి. బడి వెనకే కొండ ఉంది. 108 మంది పిల్లల్లో 74 మంది, టీచర్లు పది మంది నీళ్ల పాలయ్యారు. ముందస్తు ప్రణాళిక సరిగా లేకపోవడం బడి, అధికారుల నిర్లక్ష్యమేనన్న తీర్పును 2019లో అక్కడి సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ టీచర్లు పిల్లల్ని ప్రేమించని వాళ్లు కారు. పిల్లలతో పాటే పోయారు. వాళ్ల గురించి చదివిన రోజు మా మెట్ల మీద నేను తాళం చెవులు వెతుకుతూ నిలబడ్డ నిమిషాలే కళ్ల ముందు మెదిలాయి.

ఇక బడి విడిచిపెట్టే సంగతి. వాన ఎక్కువైతే పిల్లల్ని ఇంటికి పంపేయడం మనకు అలవాటు. బాధ్యత తీరిపోయినట్టు ఉంటుంది. నిజానికి నీళ్లు పారుతున్న సమయంలో వందలమంది పిల్లల్ని రోడ్డు మీదికి వదులుతున్నాం. సెలవు ఇవ్వాలంటే ముందే ఇవ్వాలి. స్పెయిన్‌లో 2024 అక్టోబర్ 29న వచ్చిన వరదల్లో 200 మందికి పైగా చనిపోయారు. ఫోన్లకు హెచ్చరిక మెసేజ్ వెళ్లేసరికి రాత్రి ఎనిమిది దాటింది, అప్పటికే చాలా చోట్ల ఊళ్లు మునిగిపోయాయి. వాలెన్సియా యూనివర్సిటీ మాత్రం వాతావరణ శాఖ మాట విని ఆ రోజు క్లాసులన్నీ ముందుగానే రద్దు చేసింది. వేలమంది విద్యార్థులు ఆ సాయంత్రం రోడ్ల మీద లేరు. ముందే నిర్ణయం తీసుకోలేకపోతే, నీళ్లు తగ్గేదాకా పిల్లల్ని బడిలోనే, మేడ మీదే ఉంచాలి. తల్లిదండ్రులకు కబురు పెట్టాలి, వాళ్లూ పిల్లల కోసం నీళ్లలో పడి రాకూడదు. బడి భద్రంగా ఉందని వాళ్లకు నమ్మకం ఉంటేనే ఇంట్లో ఆగుతారు. ఆ నమ్మకం వాన పడే రోజు ఫోన్ చేస్తే రాదు, జూన్‌లో పేరెంట్స్ మీటింగ్‌లోనే కలిగించాలి.

నీళ్లు తీసిన తర్వాతి జాగ్రత్తలూ ఇంతే ముఖ్యం. వరద నీటిలో మురుగు కలుస్తుంది, కాలికి చిన్న పుండున్నా ఆ నీళ్లలో తిరిగితే లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు రావచ్చు. తాగే నీళ్లు మరిగించాలి, తడిసిన స్విచ్ ముట్టకూడదు, పొడిగా ఉన్న మూలల్లోకి పాములు చేరతాయి. ఇవి మా పిల్లలకు కాస్తో కూస్తో తెలుసు, ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతుంటారు.

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు నా విన్నపం ఒకటే. కారణాలూ నష్టాలూ ఉన్న పాఠానికి ఇంకో రెండు పేజీలు కలపండి. ఆ రెండు పేజీల్లో పిల్లలు చదవాల్సిందేమీ ఉండొద్దు, నింపాల్సిన ఖాళీలే ఉండాలి. మా బడికి దగ్గర్లో ఎత్తైన చోటు. అక్కడికి నడిచి వెళ్లడానికి నాకు పట్టే నిమిషాలు. దారిలో ఉన్న కాలువలు, కల్వర్టులు. నాకు నోటికొచ్చిన రెండు ఫోన్ నంబర్లు. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాల్సిన చిన్న తరగతి పిల్లల పేర్లు. వీటికి మార్కులు పెట్టండి. మార్కులు లేనిది మన బడుల్లో ఎవరూ పట్టించుకోరన్నది నాకు బాధ కలిగించే నిజం, కానీ నిజం. ప్రశ్న కూడా మార్చండి. "వరదలకు కారణాలు వివరింపుము" అని అడిగే చోట "నువ్వు రోజూ వచ్చే దారిలో నీళ్లు మొదట ఎక్కడ నిలుస్తాయి" అని అడగండి. దీనికి గైడులో జవాబు దొరకదు. దారి చూసుకుంటూ నడిచిన పిల్లాడే రాయగలడు.

మా హెడ్మాస్టరు గారు నా మాట కాదనలేదు. మేడ తలుపు గడియకు నూనె వేయించారు. తాళానికి రెండు చెవులు, ఒకటి ఆయన గదిలో మేకుకు, ఒకటి స్టాఫ్ రూములో. రెండింటికీ ఎర్ర రిబ్బను కట్టాం. బడిలో ఏ పిల్లాణ్ని అడిగినా ఇప్పుడు అవెక్కడున్నాయో చెబుతాడు. ఆ అమ్మాయి చేతే ఆ చెవులు మేకులకు తగిలించాం.

మొదటి డ్రిల్ చేసిన రోజు అందరూ పైకి చేరడానికి పదకొండు నిమిషాలు పట్టింది. నేను మెట్ల కింద నిలబడి చూస్తున్నాను. ఆరో తరగతిలో కాలికి క్యాలిపర్ వేసుకునే పాప ఒకర్తి ఉంది. పైనుంచి వచ్చిపడుతున్న పిల్లల అరుపుల మధ్య ఆ పాప మొదటి మెట్టు దగ్గర గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అందరూ వెళ్లేదాకా దారిస్తూ నిలబడింది. చివరికి మెట్ల దగ్గర మేమిద్దరమే మిగిలాం. మా ప్లాన్ కాగితంలో తరగతులున్నాయి, వరసలున్నాయి, ఆ పాప లేదు. రెండోసారి చేసినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు చేతులు కలిపి కుర్చీలా పట్టి ఆ పాపను ఎక్కించారు. దానికి ఎలా పట్టుకోవాలో వారం రోజులు ప్రాక్టీసు చేశారు. మొత్తం ఏడు నిమిషాల్లో పైకి చేరాం.

అప్పుడు గమనించిన సంగతి ఇంకొకటి. మా బడి గంట కరెంటు గంట. నీళ్లొచ్చే వేళకు కరెంటు ఉండదు. స్టోర్ రూములో పడి ఉన్న పాత ఇనప గంట తీయించి వరండాలో వేలాడదీశాం. ఈ నెలాఖర్లో మూడోసారి డ్రిల్ చేస్తాం. ఈసారి పిల్లలకు ముందుగా చెప్పం. మెయిన్ స్విచ్ ఆపేసి ఆ గంటే కొడతాం.

ఇట్లు,
ఒక హైస్కూల్ సాంఘిక శాస్త్రం టీచరు